వార్షిక నివేదిక: చిన్న రైలు హాల్టు చరిత్ర సేకరణ

గౌరవ సభ్యులకు నమస్కారములు.

గత సర్వసభ్య సమావేశం అప్పగించిన పనుల్లో పెద్దది, ఊరి చివర తుమ్మచెట్ల మధ్య మిగిలిపోయిన చిన్న రైలు హాల్టు చరిత్రను రాతలో పెట్టడం. ఆ పని చాలావరకు పూర్తయింది గానీ, మధ్యలో సంఘం చేసిన పొరపాటొకటి ముందుగా ఒప్పుకోవలసి ఉంది.

సంక్రాంతికి హాల్టు దగ్గర నిలబెట్టిన బోర్డు మీద లైను 1931లో వచ్చిందని రాయించాం. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా సుమారు 40 కిలోమీటర్ల బాటను పర్లాకిమిడి రాజావారు సొంత ఖర్చుతో వేయించగా 1900లోనే రైలు నడిచింది. అక్కడి నుంచి గుణుపురం వైపు పొడిగింపు 1929, 1931 సంవత్సరాల్లో రెండు విడతలుగా జరిగి, మొత్తం దూరం సుమారు 90 కిలోమీటర్లయింది. మన ఊరు మొదటి భాగంలోనిది కనుక మనకు వర్తించేది 1900. పెద్దల నోటి మాటను సరిచూడకుండా తీసుకున్నది మనమే, వారిని అనవలసింది లేదు. బోర్డు మళ్లీ రాయించి, రైల్వే స్థలంలో పడకుండా రెండు గజాలు వెనక్కి జరిపాం.

1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు చేరి, టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోయినా, సంబంధాలూ సంతలూ ఆ రైలు మీదే సాగాయని పెద్దలందరూ చెప్పారు.

దొరికిన వస్తువుల్లో ముఖ్యమైనది, ఒక సభ్యురాలు తన అత్తగారి ట్రంకు పెట్టెలోంచి తెచ్చిచ్చిన దళసరి అట్ట టికెట్టు. అంచున పంచ్ కొట్టిన గాటు ఉంది. అక్షరాలు చెరిగిపోయి టెక్కలి పేరు మాత్రమే చదవగలుగుతున్నాం. మరొకరి పశువులశాలలో దూలంగా ఉన్న రైలు పట్టా ముక్కనూ ఫొటో తీశాం, అది అక్కడికెలా చేరిందని మాత్రం అడగలేదు.

బడిపిల్లలకు హాల్టు చూపించిన రోజున రెండు వెదురు కర్రలు నేల మీద పరిచి, చిన్న బాట వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలనీ, ఇప్పటి పెద్ద బాటది 5 అడుగుల 6 అంగుళాలనీ కొలిచి చూపాం. గేజి (బాట వెడల్పు) మార్పిడి కోసం 2004లో చిన్న రైలు ఆగిపోయి, 2010లో పర్లాకిమిడి దాకా పెద్ద రైలు వచ్చినప్పుడు మన హాల్టును మళ్లీ తెరవలేదు.

2004కు ముందటి ఫొటోలు ఇళ్లలో ఉన్నవారు దయచేసి కార్యదర్శికి అందజేయగలరు. నకలు తీసుకుని అసలు వెంటనే తిరిగి ఇస్తాం. బోర్డు రెండోసారి రాయించిన ఖర్చును కార్యవర్గ సభ్యులే భరించారు, సంఘం ఖాతాలో చూపలేదు.