మా తమ్ముడు కూర్చుని ఆడేలా గోల్ఫ్ స్టిక్ చేసిచ్చిన వాళ్లకు కృతజ్ఞతలు

అనంతపురం మిత్రులందరికీ నమస్కారం. మా తమ్ముడు మళ్లీ గోల్ఫ్ ఆడుతున్నాడు, వీల్‌చైర్‌లో కూర్చునే. అందుకు కారణమైన వాళ్ల గురించి నలుగురికీ తెలియాలని రాస్తున్నా.

వాడు బెంగళూరులో క్యాడీగా (ఆటగాళ్ల స్టిక్‌ల సంచి మోసేవాడిగా) పనిచేస్తూ ఆట నేర్చుకున్నాడు. రోడ్డు ప్రమాదంలో వెన్నుకు దెబ్బ తగిలి ఇంటికొచ్చేశాడు. చేతుల్లో బలం ఉంది, ఆట మీద ప్రాణం ఉంది. కానీ పాత స్టిక్‌తో కూర్చుని కొడితే బంతి ఎప్పుడూ ఎడమకే పోయేది. స్టిక్ కోసి పొట్టిగా చేస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇచ్చారు.

కోయొద్దని ఆపింది బెంగళూరులో స్టిక్‌లు బాగుచేసే ఒక పెద్దాయన. స్టిక్ అడుగున, అంటే బంతికి తగిలే తల కింద, టేపు అంటించి, గట్టి ప్లాస్టిక్ పలక మీద వాడిచేత కొట్టించారు. గీతలన్నీ షాఫ్ట్ (పొడవాటి కడ్డీ) వైపు అంచునే పడ్డాయి. తల అవతలి చివర, అంటే కొన వైపు టేపు చెక్కుచెదరలేదు. కూర్చుంటే చేతులు కిందికొస్తాయి, ఫుట్‌రెస్ట్ అడ్డం కాబట్టి బంతి దూరంగా పెట్టుకోవాలి. షాఫ్ట్ బాగా వాలిపోయి కొన పైకి లేస్తుంది, బంతి ఎడమకు పోతుంది. లాఫ్ట్ (బంతిని పైకి లేపేలా తల ముఖానికి ఉండే వాలు) ఎక్కువున్న స్టిక్‌తో ఇంకా ఎక్కువ పోతుంది. మార్చాల్సింది షాఫ్ట్‌కీ నేలకీ మధ్య కోణమని అప్పుడు అర్థమైంది. మామూలు సెవెన్ ఐరన్‌కు (మధ్యరకం దూరానికి వాడే స్టిక్) అది 62 డిగ్రీల దగ్గర ఉంటుంది. మావాడికి ఇంకా చాలా వాలుగా కావాలి. వంచితే రెండు మూడు డిగ్రీలు వస్తుంది, అంతకు మించితే మెడ (షాఫ్ట్ తలకు కలిసే చోటు) దగ్గర పగులుతుందేమోనని భయం.

మిగతా పని గుత్తి రోడ్డులోని వెల్డింగ్ అన్న చేశారు. ఆయన అంతకుముందు గోల్ఫ్ స్టిక్ పట్టుకుని ఎరగరు. వేడికి జిగురు పట్టు వదులుతుందని ముందే షాఫ్ట్ ఊడదీయించారు. క్రోమ్ పూత గ్రైండర్‌తో తీసేసి, మెడకు ఒక పక్క సన్నగా కోసి, వంచి వెల్డింగ్ పెట్టారు. మళ్లీ టేపు, మళ్లీ పలక. గీత నడిమధ్యకు వచ్చేదాకా వదల్లేదు. కుర్చీ వెనక్కి పడిపోకుండా చిన్న చక్రాలు కూడా బిగించారు. అన్నా, నీ ఓపికకు దండం.

నడుముకు బెల్టు ఎలా కట్టాలో నేర్పిన ఫిజియో అక్కకు, మైదానంలో మ్యాట్ వేసుకోనిచ్చిన హెడ్‌మాస్టర్ గారికి కూడా చాలా చాలా థ్యాంక్స్.

పోటీల్లో ఒప్పుకుంటారా అనే టెన్షన్ కూడా పెద్దాయనే తీర్చారు. 2023 గోల్ఫ్ నియమావళిలో 25వ నియమం దివ్యాంగ ఆటగాళ్ల కోసమే ఉంది, అన్ని పోటీలకూ వర్తిస్తుంది. ఈ వెల్డింగ్ స్టిక్ మాత్రం సాధనకే. మెడలో పగులు ఉందేమో చూసుకున్నాకే కొడుతున్నాడు, ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వం.

కర్నూలు, కడప వైపు కూర్చుని ఆడాలనుకునే వాళ్లుంటే మాకు చెప్పండి. పలక, టేపు మా దగ్గరే ఉన్నాయి. స్టిక్ కోయించే ముందు ఒకసారి వచ్చి కొట్టి చూసుకోండి.