మక్కు క్లాసు ఏమైంది? కస్టమర్ కేర్ అధికారి గారికి ఫిర్యాదు

కస్టమర్ కేర్ ముఖ్య అధికారి గారికి,

నమస్కారం. కొండపల్లి పద్ధతిలో బొమ్మరిల్లు సామాన్లు చెయ్యడం నేర్పే మీ ఆన్‌లైన్ కోర్సులో సెప్టెంబరులో 6,400 రూపాయలు కట్టి చేరాను. పన్నెండు క్లాసులు, ఒక కిట్టు అన్నారు. మూడు క్లాసులు జరిగాయి. ఆ తర్వాత మూడు నెలల్లో మీకు పదిహేడుసార్లు ఫోన్ చేశాను. తేదీలన్నీ పాలపుస్తకం వెనక పేజీలో రాసిపెట్టుకున్నాను. కిట్టులో ఏం తక్కువైందో, కర్ర ఎందుకు పనికిరాలేదో ఇక్కడ రాయను. కర్ర పాడైతే ఇంకో కర్ర తెచ్చుకుంటాను. పదిహేడుసార్లు చేసినా నా మాట విని పని జరిపించిన మనిషి ఒక్కరూ లేరు, నా బాధంతా అది.

ఈ కోర్సులో ఎందుకు చేరానో ముందు చెప్పాలి. కోనసీమలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. పదేళ్ళ కిందట పడగొట్టేశారు. మా అమ్మకి 84 ఏళ్ళు. గాదె ఎక్కడుండేదో, ఉట్టి ఏ దూలానికి వేలాడేదో ఇప్పటికీ వేలు చూపించి చెబుతుంది. ఆ ఇంటిని అడుగుకి అంగుళం లెక్కన చేసి, ఈ సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద పెడతానని అమ్మకి మాటిచ్చాను. ఎనిమిదడుగుల స్తంభం ఎనిమిది అంగుళాలు, ఆరడుగుల పట్టెమంచం అర అడుగు, రుబ్బురోలు నా బొటనవేలంత. ప్లాస్టిక్ సామాను బజార్లో దొరుకుతుంది, నాకు అది వద్దు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్రతో నా చేతులతో చెయ్యాలనుకున్నాను.

మీ మాస్టారి గురించి ఒక్క మాట అననివ్వను. రెండో క్లాసులో నా కర్ర పదేపదే చీలిపోతోంది. ఆయన నా చేతిని కెమెరా దగ్గర పెట్టమని చూసి, "అమ్మా, పీచుకి అడ్డం పడుతున్నావు, కత్తిని పీచు వెంట పోనియ్యి" అన్నారు. ఆ రోజు నుంచి నా చేతిలో కర్ర చీలలేదు. మూడో క్లాసుకల్లా తిరగలి ముందు కూర్చున్న ఆడమనిషిని చెక్కాను. ఒళ్ళు విడిగా, చేతులు విడిగా. వాటిని అతికించేది మక్కు అనే ముద్దతో కదా, "వచ్చే ఆదివారం మక్కు" అని చెప్పి ఆయన సెలవు తీసుకున్నారు. ఆ ఆదివారం అమ్మా నేనూ నలభై నిమిషాలు ఖాళీ తెర ముందు కూర్చున్నాం. క్లాసు లేదని ముందుగా ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

సోమవారం ఫోన్ చేశాను. తెలుగు కోసం మూడు నొక్కమంది, నొక్కాను. హిందీ ఆయన ఎత్తారు. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో చెప్పుకున్నాను. "హోల్డ్" అన్నారు, లైను పోయింది.

రెండోసారి తెలుగు అబ్బాయే దొరికాడు. ప్రాణం లేచొచ్చింది. అంతా విని "బ్యాటరీలు మార్చి చూశారా మేడమ్?" అని అడిగాడు. బాబూ, అది నడిచే బొమ్మ కాదు, నాకు మక్కు చెయ్యడం నేర్పాలి అన్నాను. మక్కు అంటే ఏంటన్నాడు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అని ఓపిగ్గా చెప్పాను. కాసేపు టైపు చేసుకుని "తినే వస్తువులకి రిటర్న్ లేదు మేడమ్" అన్నాడు. కోర్సు మీరు అమ్ముతున్నారు. ఆ కోర్సులో ఏముందో మీ మనుషులకి ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పలేదా?

నాలుగో ఫోన్లో ఒక అమ్మాయి "అర్థమైంది ఆంటీ, రేపు పది గంటలకి నేనే చేస్తాను" అంది. మర్నాడు పది నుంచి ఒంటిగంట దాకా ఫోను బొడ్లో దోపుకుని వంట చేశాను. రాలేదు. నేనే చేస్తే ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, నా మాట విన్నది ఆమె ఒక్కతే.

తర్వాత ఫోటోలు పంపమన్నారు, పదకొండు పంపాను. డబ్బా విప్పేటప్పటి వీడియో కావాలన్నారు. అమ్మ కళ్ళద్దాలు వెతుక్కుని, ఇద్దరం పండగలా విప్పుకున్నాం, వీడియో ఎవరు తీస్తారు? అయినా జరగని క్లాసుకీ డబ్బాకీ సంబంధం ఏమిటి? ఆ రాత్రి పదకొండు గంటలకి మెసేజ్ వచ్చింది. నా సమస్య పరిష్కారమైందట, మీ సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పాలట. ఆ మెసేజ్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఎవరు పరిష్కరించారు, ఎవరిని అడిగి మూసేశారు?

పెద్దవాళ్ళతో మాట్లాడతానంటే 26 నిమిషాలు లైన్లో నిలబెట్టారు. అర నిమిషానికోసారి "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని వినిపించి, చివరికి కట్ చేశారు. సంక్రాంతికి వారం ముందు ఇంకొకాయన చేసి, వచ్చే కోర్సుకి 500 రూపాయల కూపన్ ఇస్తానన్నారు. ఉన్న కోర్సే మూడో క్లాసు దగ్గర ఆగిపోతే ఇంకోటి ఎలా కొంటాను? అయితే రికార్డింగులు చూసుకోండి అన్నారు.

రికార్డింగ్ చూశానండీ. అది నా చెయ్యి చూడలేదు. మూడుసార్లు నేనే మక్కు కలిపాను. మొదటిసారి పలచనై, ఆరేసరికి భుజం దగ్గర వెంట్రుకంత గీత పడింది, తెల్లారేసరికి చెయ్యి ఊడి తిరగలి మీద పడుంది. రెండోసారి ముద్దకి బూజు పట్టింది. మూడోసారి చెయ్యి నిలిచింది, పైన వేసిన సుద్ద పొరలు పొరలుగా రాలింది. పొట్టు ఎంత కలపాలి, సుద్ద వేసేముందు ఎన్నాళ్ళు ఆరాలి? మాస్టారు ఒక్కసారి చూస్తే రెండు మాటల్లో చెప్పేస్తారు. నాకూ ఆయనకీ మధ్య ఇంతమందిని నిలబెట్టారు, ఒక్కరికీ జవాబు తెలియదు, తెలిసిన మనిషిని మాత్రం లైన్లోకి రానివ్వరు. ఆయన నంబరు అడిగితే రూల్స్ ఒప్పుకోవన్నారు. అసలు ఆయనకి మీరు డబ్బు సరిగ్గా ఇచ్చారో లేదో అని కూడా నాకు అనుమానంగా ఉంది. ఇవ్వకపోతే అది నా క్లాసుల కన్నా పెద్ద తప్పు. మీ డబ్బా మీద భౌగోళిక గుర్తింపు ఉన్న కళ అని పెద్ద అక్షరాలు వేసుకున్నారు. ఆ పేరు తెచ్చింది కొండపల్లిలో తరతరాలుగా పొణికి కర్ర చెక్కుతున్న కుటుంబాలు.

నేనే కొండపల్లి వెళ్ళి నేర్చుకోవచ్చు. విజయవాడ దాటితే ఎంతో దూరం లేదు. కానీ అమ్మని ఒక్క రాత్రి కూడా ఒంటరిగా వదల్లేను. అందుకే కదా మీ దగ్గర కట్టింది.

ఆరేళ్ళుగా రంగులు, కుంచెలు, కత్తులు అన్నీ మీ దగ్గరే కొంటున్నాను. పక్క దుకాణంలో తక్కువకి వస్తున్నా మీవే తెప్పించుకున్నాను. మా భజన బృందంలో పదకొండుమంది నా మాట మీద మీ కస్టమర్లయ్యారు. అందులో ఇద్దరు ఈ కోర్సులోనే చేరారు. గుడిలో వాళ్ళు ఎదురైతే నేను తల తిప్పుకోవాల్సి వస్తోంది. ఇన్నేళ్ళ నమ్మకానికి ఒక్క ఫోన్ విలువ కూడా లేదా?

సంక్రాంతి వెళ్ళిపోయింది. కొలువులో కింది మెట్టు మీద గోడలు, నాలుగు స్తంభాలు, చేతుల్లేని ఆ మనిషిని పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు, ఊడిన చేతుల్ని తమలపాకులో చుట్టి పక్కన పెట్టింది.

ఈ ఉత్తరం అందిన పది రోజుల్లో కదలిక లేకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొన్నదానికి అక్కడ ఫీజు లేదు, ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చని లాయరుగా ఉన్న మా మేనల్లుడు చెప్పాడు. ఈ కోర్సులో చేరిన ఆ ఇద్దరిచేతా వేయిస్తాను. డబ్బు వెనక్కిస్తామంటే అది వేరే సంగతి, తర్వాత మాట్లాడుకుందాం. ముందు మాస్టారిని ఒక ఆదివారం కూర్చోబెట్టి మాతో మాట్లాడించండి. మిగతా తొమ్మిది క్లాసులు ఎప్పుడో తేదీలు వేసి కాగితం మీద పంపండి.

ఈసారి ఫోన్ చేసేవాళ్ళు దయచేసి ఈ ఉత్తరం మొత్తం చదివి చెయ్యండి. ఆర్డర్ నంబరు మళ్ళీ అడగొద్దు, జతచేసిన రసీదులో ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అమ్మ పడుకుంటుంది, ఆ టైములో వద్దు.

ఇట్లు,
ఆరేళ్ళుగా మీ కస్టమరు,
రాజమహేంద్రవరం