భుజం చూసి కొను, రంగు తరువాత

చిన్నా,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నానమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే వాకిట్లోకి వచ్చి కూర్చుంటోంది.

బ్యాంకులో చేరేలోపు చొక్కాలు కొనుక్కోవాలి, ఎలాంటివి తీసుకోమంటావని మీ నాన్నను అడిగావట. ఆయన "తెల్లవి నాలుగు తీసుకో" అని ఫోను పెట్టేశారట. పెళ్లిళ్ల పని మీద పడ్డప్పుడు ఆయన నోట అంతకన్నా మాట రాదు. కత్తెర ఆయనదే కానీ, దుకాణంలో కుట్టిన ప్రతి చొక్కా చివరికి కాజాలకూ, అంటే గుండీ దూరే రంధ్రాలకూ, గుండీలకూ నా ఒడిలోకే వస్తుంది. ఏ చొక్కా ఎవరికి ఎందుకు నప్పలేదో, ఏ గుడ్డ ఏడాది తిరక్కుండానే వెలిసిపోయిందో ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు. ఈ మాట ఆయనకు చెప్పకు.

బట్టల దుకాణంలో అడుగుపెట్టగానే అందరి కళ్లూ రంగు మీదికే పోతాయి. నువ్వు ముందు భుజం చూడు. చేతిని చొక్కాకు కలిపే కుట్టు సరిగ్గా నీ భుజం ఎముక అంచున కూర్చోవాలి. అది చేతి మీదికి జారితే మేనమామ చొక్కా తొడుక్కొచ్చినట్టు ఉంటుంది. మెడ వైపు లాగితే చెయ్యెత్తిన ప్రతిసారీ చొక్కా ప్యాంటులోంచి బయటికి వస్తుంది. మిగతావన్నీ సరిచేసుకోవచ్చు. పక్కలు లోపలికి పట్టవచ్చు, చేతులు పొట్టి చేయవచ్చు, కింది అంచు మడిచి కుట్టవచ్చు. భుజం మార్చాలంటే మాత్రం చేతులు విప్పాలి, ఒక్కోసారి కాలరూ విప్పాలి, అంటే సగం చొక్కా కొత్తగా కుట్టడమే. వేలు పోసి రెడీమేడ్ చొక్కా కొనుక్కొచ్చి, భుజం సరిచేయమని దసరా ముందు దుకాణానికి వచ్చేవాళ్లను చూస్తే మీ నాన్నకు ఎక్కడలేని కోపం వస్తుంది. కొనేముందు అద్దంలో ఒక్క నిమిషం భుజం చూసుకుంటే పోయేది కదా అంటారు.

తరువాత మెడ. పై గుండీ పెట్టుకుని, కాలర్‌కూ మెడకూ మధ్య రెండు వేళ్లు పెట్టి చూడు. రెండూ సులువుగా దూరాలి, మూడోది దూరకూడదు. నువ్వు పై గుండీ ఎప్పుడూ పెట్టుకోవని తెలుసు, అయినా చూడు. టై కట్టమన్న రోజు ఊపిరాడక తిప్పలు పడేది నువ్వే. చేతుల పొడవు మణికట్టు ఎముక దాటి బొటనవేలి మొదట్లో ఆగాలి. చెయ్యి మడిచి, చాచి చూడు. కోటు వేసుకోవాల్సిన రోజు కోటు చేతి కింద నుంచి అర అంగుళం చొక్కా కనిపించాలి. అందుకే కోటు కింద పొట్టి చేతుల చొక్కా ఎప్పుడూ వేయకు.

ఆ పైన దుకాణంలోనే కుర్చీలో కూర్చో. సిగ్గుపడకు. నిలబడి అద్దంలో చూసుకుంటే అన్ని చొక్కాలూ బాగానే ఉంటాయి. కూర్చున్నప్పుడు గుండీల మధ్య గుడ్డ విచ్చుకుని బనీను కనిపిస్తే ఆ చొక్కా నీది కాదు. బ్యాంకులో రోజంతా కూర్చునే ఉంటావు కదా. ఒంటికి అతుక్కునే చొక్కాలంటే మీ వయసువాళ్లకు మోజు. నాకు గిట్టవు. ఛాతీ కొలత మీద నాలుగైదు అంగుళాల వదులు లేకపోతే గాలి ఆడదు, చెమట పట్టిన చోటల్లా గుడ్డ అంటుకుంటుంది, చంకల దగ్గర కుట్లు ముందు తెగుతాయి. దేహం చూపించుకోవాలంటే బనీను చాలు, చొక్కా ఎందుకు?

కొన్నవాటిని ఇంటికి తెచ్చుకున్నాక కాదు, కొనకముందే తిరగేసి చూడు. నేను కొత్త చొక్కా చేతికి వస్తే ముందు చూసేది కాజాలే. చొక్కా ముందు భాగంలో కాజాలన్నీ నిలువుగా ఉంటాయి, కాలర్ పట్టీ మీది కాజా ఒక్కటి అడ్డంగా ఉంటుంది. మెడ దగ్గర గుడ్డ పక్కలకు లాగుతుంది కాబట్టి అక్కడ అడ్డంగా ఉంటే గుండీ కాస్త జరిగినా ఊడదు, మెడ బిగుసుకోదు. కింద నిలువుగా ఉంటే ముందు పట్టీ ఒక గీతలా నిలుస్తుంది. కాజా అంచున దారం దగ్గరదగ్గరగా, సందు లేకుండా కుట్టి ఉందా, లోపల గుడ్డ పోగులు బయటికి వేలాడుతున్నాయా చూడు. వేలాడితే నాలుగు ఉతుకులకు కాజా పెద్దదై గుండీ దానంతట అదే జారిపోతుంది. గుండీని వేళ్లతో కొద్దిగా పైకెత్తి చూడు. కింద దారం చుట్లు చుట్టి చిన్న మెడలా చేసి ఉండాలి. ఆ మెడ లేకుండా గుడ్డకు అదిమి కుట్టిన గుండీ కాజా దళసరిని తట్టుకోలేదు, పెట్టిన ప్రతిసారీ గుడ్డను లాగుతుంది. చుట్లు చుట్టడానికి పట్టేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలు మిగుల్చుకునే దుకాణాలు చాలా ఉన్నాయి. గళ్ల చొక్కా అయితే జేబు చూడు. జేబు మీది గడులు చొక్కా గడులతో కలిసిపోయి, జేబు ఉందో లేదో తెలియకుండా ఉండాలి. అలా కలపడానికి కొంత గుడ్డ వృథా అవుతుంది, అందుకే తక్కువ ధరవాటిలో కలపరు.

గుడ్డ సంగతి. చొక్కా గుడ్డ మీద 40, 60, 80, 100 అని కౌంట్ రాసి ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ నూలు సన్నబడుతుంది. 100 కౌంట్ చేతికి మెత్తగా, చూపుకు మెరుగ్గా ఉంటుంది కానీ త్వరగా నలుగుతుంది, లోపలి బనీను గీతలన్నీ బయటికి చూపిస్తుంది. రోజువారీ ఉద్యోగానికి 50, 60 కౌంట్ పాప్లిన్ చాలు. ఆక్స్‌ఫర్డ్ అనే గుడ్డ కొంచెం ముతక, దాన్ని సెలవు రోజులకు ఉంచుకో. పాలిస్టర్ కలిసిన టెరికాట్ నలగదు, ఇస్త్రీ బాధ తక్కువ, కానీ మే నెలలో మన నల్గొండ ఎండకు వేసుకుని చూడు, నీకే తెలుస్తుంది. దుకాణంవాడు "నూరు శాతం కాటన్" అంటే నమ్మి ఊరుకోకు. గుడ్డ చుట్ట అంచు నుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్లతో అంటించు. నూలు అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టర్ కలిస్తే ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది. మీ తాతయ్య బజారులో పోగు అంటించి చూసేవారు, దుకాణాలవాళ్లకు ఆయనంటే భయం.

మీ నాన్న నాలుగూ తెల్లవే అన్నారు. నేనైతే రెండు తెల్లవి, రెండు లేత నీలం అంటాను. ఆ పైన ఒకటి సన్న నీలి గీతలది. గీతలు దూరం నుంచి కనిపించనంత సన్నగా ఉండాలి. లేత బూడిద రంగు జోలికి పోకు, చెమట మచ్చ దాని మీద కనిపించినంతగా ఇంకే రంగు మీదా కనిపించదు. ప్యాంటు ఎప్పుడూ చొక్కాకన్నా ముదురుగా ఉండాలి. బెల్టూ బూట్లూ ఒకే రంగు. ఇవి అందరూ చెప్పేవే. అందరూ చెప్పనిది ఒకటుంది: తెల్ల చొక్కా కింద తెల్ల బనీను వేస్తే బనీను ఆకారం మొత్తం కనిపిస్తుంది, ఒంటి రంగుకు దగ్గరగా ఉండేది వేస్తే కనిపించదు. కాలర్ విషయంలో నీది మీ నాన్న ముఖం, గుండ్రం. కొసలు కిందికి చూసే కాలర్ నీకు నప్పుతుంది. రెండు వైపులకూ బార్లా తెరుచుకునేది కోల ముఖాలవాళ్లకు వదిలేయి. కొసలకు చిన్న గుండీలుండే కాలర్ మీద టై కట్టకు.

శిక్షణ అయ్యాక నిన్ను ఏ దేవరకొండకో, అచ్చంపేటకో వేస్తారు. పంట రుణం కోసం రైతులు వస్తారు, పింఛను కోసం ముసలివాళ్లు వస్తారు. మెరిసే గుడ్డ, ఛాతీ మీద అరచేతి అంత కంపెనీ గుర్తు, ముదురు ఎరుపు చొక్కా వేసుకుని అక్కడ కూర్చున్నవాణ్ని చూస్తే వాళ్లకు మాట సగం గొంతులోనే ఆగిపోతుంది. మీ తాతయ్య అప్పు కోసం వెళ్లినప్పుడు ఎదుటివాడి బట్టలు చూసి గడప దగ్గరే నిలబడిపోయేవారట, నానమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఎండాకాలం అక్కడ పొట్టి చేతులు వేసుకున్నా తప్పులేదంటాను, మీ నాన్న ఒప్పుకోరు. పొడుగు చేతులే వేసుకుంటే మడత సరిగ్గా పెట్టు: కఫ్ వెడల్పునే కొలతగా తీసుకుని రెండుసార్లు మడిచి, మోచేతికి కింద ఆపు. మోచేతి పైకి నెట్టేస్తే కొట్లాటకు పోతున్నట్టు ఉంటుంది.

పెళ్లిళ్లకు నీకు నచ్చింది వేసుకో, నేను అడ్డుపడను. నలుపు ఒక్కటి వద్దు, పెద్దవాళ్లు ముఖం మీదే అనేస్తారు. పంచె కడితే చొక్కా తెల్లదో, గంధం రంగుదో చాలు, అంచు మాటాడుతుంది కాబట్టి చొక్కా ఊరుకోవాలి. మొన్న అక్క ఒడిబియ్యానికి బావకు పెట్టిన బట్టల్లో చొక్కా గుడ్డ 1.60 మీటర్లది, పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 58 అంగుళాలు, ఆయన ఎత్తుకు చాలింది. నీకు ఎవరైనా బట్టలు పెడితే బీరువాలో దాచి పసుపు గీతలు పడేదాకా ఉంచకు, పంపించు, కుట్టిస్తాను. ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఆపైన కత్తెర వేయాలి, నూలు గుడ్డ మొదటి ఉతుకుకు ఎంతో కొంత కుదించుకుంటుంది.

చావు కబురు చెప్పి రాదు. అందుకే బీరువాలో ఒక సాదా తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసినది, ఎప్పుడూ ఉండాలి. కొత్తది అక్కర్లేదు, కొత్తది అసలు వద్దు. వచ్చాక ఎలాగూ తడిపేయాలి.

నువ్వు ఊరికి వచ్చేటప్పుడు బస్సు చౌటుప్పల్ మీదుగానే వస్తుంది. ఒకసారి అక్కడ దిగి కొయ్యలగూడెం వెళ్లు. పట్టుచీరలకు పోచంపల్లి, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలుకు పుట్టపాక పేరు పొందితే, నూలు ఇక్కత్‌కు కొయ్యలగూడెం. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు, ఆ ముడుల లెక్క ప్రకారం మగ్గం మీద డిజైన్ తేలుతుంది. అందుకే ఆ పువ్వు అంచులు ఎప్పుడూ కాస్త అలుక్కుపోయినట్టుంటాయి. అంచులు గీత గీసినట్టు పదునుగా ఉండి, వెనుక వైపు రంగు వెలవెలబోతే అది అచ్చు వేసిన గుడ్డ, ధర ఎంత తక్కువన్నా తీసుకోకు. చిన్న చిన్న డిజైన్, ముదురు నీలం మీద తెలుపు, అది ఆఫీసుకూ వేసుకోవచ్చు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 2015 నుంచి జరుపుతున్నారు, ఆ రోజు నువ్వు వెతుక్కోకుండా ఒకటి చేతిలో ఉంటుంది. పెద్ద డిజైన్ అయితే సాదా ప్యాంటు మీద, దసరాకు. చేనేత పన్నా మిల్లు గుడ్డకన్నా తక్కువ, కాబట్టి రెండుంపావు మీటర్లకు తగ్గకుండా తీసుకో. ముందు పట్టీ దగ్గర డిజైన్ కలపాలి, దానికీ కొంత పోతుంది. ఇక్కత్ చొక్కా మొదటి రెండు మూడు సార్లు విడిగా, చల్లనీళ్లలో ఉతుకు. నీ తెల్లవాటితో కలిపితే మీ నాన్న చెప్పిన నాలుగు తెల్లవీ ఉండవు.

దసరా అంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా నాన్న ఒక్క తాను తెచ్చి మా తమ్ముళ్లందరికీ దాంట్లోంచే కుట్టించేవారు. జమ్మి చెట్టు దగ్గర వరసగా నిలబడితే ఎవరు ఎవరో తెలిసేది కాదు. వాళ్లు ఏడ్చేవాళ్లు, నాకు మాత్రం భలే నచ్చేది.

ఉతుకు గురించి రెండు మాటలు. గుండీలన్నీ విప్పి, చొక్కా తిరగేసి ఉతుకు, నీడలో ఆరేయి. మురికి ముందు పట్టేది కాలర్ లోపలి మడతకే, దానికి ముందు రాత్రి సబ్బు రాసి ఉంచు. ఇస్త్రీ కాస్త తడి ఉండగానే చేయాలి, కాలర్‌తో మొదలుపెట్టి, కొసల నుంచి మధ్యకు. మధ్య నుంచి కొసలకు తోస్తే మడతలన్నీ కొసల దగ్గర పోగవుతాయి. గంజి పలచగా పెట్టించు. చిక్కటి గంజి పెట్టిన గుడ్డ మడత దగ్గర విరిగి చిరుగుతుంది, ఇస్త్రీ అబ్బాయికి ముందే చెప్పు.

కొనేవి మూడు కొను చాలు, మిగతా రెండూ ఇక్కడే కుట్టిద్దాం. నీకు బాగా నప్పిన పాత చొక్కా ఒకటి, ఆ లేత నీలం గళ్లది, అక్క వచ్చేటప్పుడు ఆమెతో పంపించు. మీ నాన్న దాన్ని పరిచి కొలత తీసుకుంటారు. మెడ కొలత మాత్రం టేపుతో కొలిచి చీటీ మీద రాసి జేబులో పెట్టు, హాస్టల్ తిండికి చిక్కావో లావయ్యావో ఫోనులో తెలియడం లేదు. ఈ నెల దాటితే దసరా పని మొదలవుతుంది, అప్పుడు సొంత కొడుకైనా వరసలో నిలబడాల్సిందే.

అమ్మ