ప్రెజెంటేషన్ వర్క్‌షాప్‌లో ప్రాక్టీస్ ఎగ్గొట్టడంపై ఫిర్యాదు

శిక్షణ సంస్థ నిర్వాహకులకు,

విషయం: ప్రాక్టీస్ సెషన్ పెట్టమని, లేదా సగం ఫీజు వాపసు ఇవ్వమని కోరుతూ.

నమస్కారం.

గత వారం మీ స్లైడ్ ప్రెజెంటేషన్ల వర్క్‌షాప్‌కి మా ఆఫీసు నుంచి నేను, మరికొందరం వచ్చాం. స్లైడ్లు తయారు చేయడం, నలుగురి ముందు చెప్పడం రెండూ నేర్పుతామని మీ ప్రకటనలో ఉంది. మొదటిది అరకొరగా జరిగింది. రెండోది అసలు జరగలేదు.

ట్రైనర్ గారు పూటంతా తెరవైపు తిరిగి, స్లైడు మీదున్న వాక్యాలనే చదివారు. తెర మీద వాక్యం కనిపిస్తే ఎవరూ చదవకుండా ఉండలేరు. అదే వాక్యం చెవిన కూడా పడుతుంటే చదవడమూ కుదరదు, వినడమూ కుదరదు. అక్షరాలు 30 పాయింట్ల కన్నా చిన్నవి ఉండకూడదన్న అమెరికన్ రచయిత, వక్త గై కవాసాకి సూత్రాన్ని ఆయనే మాకు వినిపించారు, అదీ వెనక వరసకి ఆనని అక్షరాల్లో!

తెలుగు స్లైడ్లయితే పిచ్చి గుర్తులుగా వచ్చాయి. యూనికోడ్ కాని పాత ఫాంటులో టైపు చేశారు, హాల్లోని కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. "నా లాప్‌టాప్‌లో బాగానే వచ్చిందండీ" అన్నారు. పీడీఎఫ్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకున్నా గండం గడిచేది. గ్రాఫులో ఎరుపు, ఆకుపచ్చ గీతలు ఏది ఏదో మాలో ఒకరికి తెలియలేదు. ఆ రెండు రంగుల తేడా కనిపించని వాళ్ళు ఏ హాల్లోనైనా ఉండొచ్చు. గీత పక్కనే దాని పేరు రాస్తే సరిపోయేది.

ఇవన్నీ సర్దుకుంటాం. అసలు బాధ ప్రాక్టీస్ గురించి. మధ్యాహ్నం ఒక్కొక్కరి చేత మాట్లాడించి లోపాలు చెబుతామన్నారు. టైం లేదని ఎత్తేశారు. యానిమేషన్ హంగులకి మాత్రం బోలెడు టైం దొరికింది. టెన్షన్‌లో మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలి, మధ్యలో ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే ఏం చేయాలి అన్నవి తెలుసుకోవడానికే మేం వచ్చింది. పవర్‌పాయింట్ షో నడుస్తుండగా 'బి' నొక్కితే తెర నల్లబడి అందరూ మన మాట వింటారనీ, స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్ళొచ్చనీ తర్వాత మా సహోద్యోగి చూపించారు.

నోట్స్ పేరుతో ఆ స్లైడ్లనే అచ్చు వేసి ఇచ్చారు. పక్కన వివరణ లేకపోతే ఆ ముక్కలు ఎవరికి అర్థమవుతాయి? కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదంపై 2003లో వచ్చిన విచారణ నివేదిక కూడా, సాంకేతిక పత్రాల బదులు స్లైడ్లతో సరిపెట్టే నాసా అలవాటును తప్పుబట్టింది.

కాబట్టి ప్రతి ఒక్కరూ మాట్లాడి, సలహాలు అందుకునేలా చిన్న బృందంతో ప్రాక్టీస్ సెషన్ పెట్టండి. ట్రైనర్ మాత్రం వేరేవారు ఉండాలి. అది కుదరకపోతే సగం ఫీజు వాపసు ఇవ్వండి. వివరమైన నోట్స్ ఎలాగూ పంపాలి. రెండు వారాల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. రసీదు కాపీ, మీ ప్రకటన కాపీ జతచేస్తున్నాను.

ఇట్లు,
వర్క్‌షాప్‌కు హాజరైన ఒక అభ్యర్థి