మానిటర్ల రంగుల వివరాలు చెప్పాలి

సంపాదక మహోదయులకు,

విజయవాడలో పెళ్లి వీడియోల ఎడిటింగే జీవనాధారంగా ఉన్న నేను ఇటీవల ఏలూరు రోడ్డులోని ఒక దుకాణంలో మానిటర్ కొనబోతే, అక్కడి యువకుడు 165 హెర్ట్జ్ వేగం (తెరపై బొమ్మ సెకనుకు 165 సార్లు మారడం) గురించే పదేపదే చెప్పాడు గానీ, రంగుల సంగతి అడిగేసరికి అట్టపెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి ఊరుకున్నాడు. ఆ వేగం గేములు ఆడేవారికి కావాలి. సెకనుకు 25 ఫ్రేముల పెళ్లి వీడియోకు 60 హెర్ట్జ్ చాలు.

మాకు ముఖ్యమైనవి పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక శ్రేణిలోని రంగులను దాదాపు పూర్తిగా చూపగల శక్తి, 2 కంటే తక్కువ డెల్టా ఈ విలువ (అసలు రంగుకూ తెరపై కనిపించే రంగుకూ ఉన్న తేడా). చౌక ల్యాప్‌టాప్‌లలో కనిపించే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెర (ఎన్‌టీఎస్‌సీ అనే పాత టీవీ రంగుల శ్రేణిలో 45 శాతమే చూపేది), ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతుల రంగులను కూడా చూపలేదు. అలాంటి తెరనే నమ్ముకుని, రంగులు వెలవెలబోతున్నాయని నేను కాస్త గాఢత పెంచి ఇచ్చిన వీడియోలో, పెళ్లివారి టీవీలో చూసేసరికి పెళ్లికూతురి పసుపు పూసిన ముఖం నారింజ రంగుకు తిరిగింది. ఆ ఇంట్లో నేను పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

4కె కోసం అప్పు చేయనక్కరలేదు. 27 అంగుళాల తెరకు 2560×1440 పిక్సెళ్లు నా అనుభవంలో సరిపోతాయి. మిగిలిన సొమ్ముతో రంగులు సరిచూసే కాలిబ్రేటర్ కొనుక్కోవచ్చు.

దుకాణదారులు ధర చీటీ పక్కనే ఈ వివరాలను రాసిపెట్టాలని, కొనేవారు తెచ్చుకున్న వీడియోను ఆ తెరపై వేసి చూసుకోనివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక వీడియో ఎడిటర్, సత్యనారాయణపురం, విజయవాడ