సముద్రపు పిల్లల కార్డు

చిరంజీవి బుజ్జికి, అమ్మ దీవించి రాసేది.

నువ్వు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో కొని పంపిన 'సముద్రపు పిల్లలు' అనే చిత్రం ఉన్న కార్డు అందింది. వెనక "ముద్దొస్తున్నారు కదమ్మా" అని రాశావు. ముద్దొస్తున్నారు, కాదనను. కానీ బీరువా అద్దానికి అంటించి వారం నుంచీ చూస్తుంటే, నా కళ్లు ఆ పెద్ద పిల్లాడి మీదే ఆగిపోతున్నాయి. పక్కన బొమ్మ పడవతో ఆట సాగుతోంది. వీడి వీపు మీద మాత్రం చంటిపిల్ల బరువు.

దీన్ని 1872లో గీసిన డచ్చి చిత్రకారుడు యోసెఫ్ ఇస్రాయెల్స్ మొదట్లో చరిత్ర ఘట్టాలు గీసేవాడట. 1855లో ఒంట్లో బాగోక జాండ్‌ఫోర్ట్ అనే జాలరి పల్లెకు వెళ్లి, పడవలు చేసే వడ్రంగి ఇంట్లో ఉన్నాడు. రాజులూ యుద్ధాలూ అక్కడితో సరి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయనదే ఇంకో బొమ్మ ఉంది. సముద్రంలో మునిగి పోయినవాణ్ణి తోటి జాలర్లు మోసుకొస్తుంటే, ముందు పెళ్లాం, పిల్లలు నడుస్తుంటారు. అది ఫోన్లో వెతికి చూసి, మళ్లీ నీ కార్డులోని బొమ్మ పడవ చూడు.

బ్లొమ్మర్స్ అని ఇంకొకాయన అదే తీరాన్ని వేరేలా గీశాడు. ఎండ, నవ్వే తల్లులు, అలల్లో పిల్లలు. నాకు అవీ నచ్చాయి, అబద్ధమెందుకు. కానీ రెండు నిమిషాల్లో చూడటం అయిపోతుంది.

నువ్వు డెల్ఫ్ట్‌లో ఎక్కే ఒకటో నంబరు ట్రామ్ హేగ్ పక్కనున్న సముద్రతీరం షెవెనింగెన్ వెళ్తుందన్నావుగా, ఓ ఆదివారం దిగి చూడు. వీళ్లంతా బొమ్మలు గీసే రోజుల్లో అక్కడ రేవే లేదు. అడుగు చదునుగా ఉండే పడవల్ని గుర్రాలతో ఇసుక మీదికి లాగేవారు. ఆడవాళ్లు చేపల బుట్టలు మోసుకుంటూ హేగ్ దాకా నడిచి అమ్ముకొచ్చేవారు. 1894 డిసెంబరు తుఫానుకి ఒడ్డున పెట్టిన పడవలే నుజ్జునుజ్జయ్యాయి. వేటకు పోకపోయినా వదల్లేదన్నమాట సముద్రం! ఆ తర్వాత పదేళ్లకు, 1904లో గానీ రేవు రాలేదు.

ఇంతకీ ఆ పిల్లాడి మీదే కన్నెందుకు పడిందో మీ మామయ్య చెప్పేదాకా నాకు తట్టలేదు. మొన్న వచ్చినప్పుడు కార్డు చూసి, "అక్కా, మోసేది నువ్వు, మెడ పట్టుకు వేలాడేది నేను" అన్నాడు. అమ్మమ్మ పొలానికి వెళ్తే వాణ్ణి చంకనేసుకుని తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని, ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. ఇప్పుడు వాడు తొంభై కిలోలు. కుర్చీలో కూర్చుని ఇంకో కప్పు టీ అడిగాడు.

మీ అమ్మ