తయారీ లేనిదే మనోధర్మం లేదు

సంపాదకుడు గారికి,

అయ్యా,

హనుమకొండలో జరిగిన నృత్య, వాద్య, వీడియో ప్రదర్శనపై పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివిన నాడే ఈ ఉత్తరం రాయవలసింది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను, అది చల్లారలేదు. ముందుగా ఏదీ అనుకోకుండా, రిహార్సల్ అన్నది లేకుండా ఆ యువకులు వేదిక ఎక్కారని, అందుకే సగంలో గందరగోళమైందని మీ విలేకరి రాశారు. ఇందులో మొదటి మాట అబద్ధం. రెండోదానికి కారణం వేరు.

నేను ముప్పై ఏళ్లుగా నృత్యానికి మృదంగం వాయిస్తున్నాను. ఆ రోజు వాయించినవారిలో నేను లేను, మూడో వరుసలో కూర్చున్నాను. కానీ అంతకు ముందు నెలన్నర పాటు ఆ బృందం ఒక బడి గదిలో చేసిన సాధనను చాలా సాయంత్రాలు దగ్గరుండి చూశాను. కాకతీయుల నాటి వీరనృత్యం పేరిణి చేసే అబ్బాయి, ఒగ్గుకథలో వాయించే డోలు, అంటే ఒగ్గు డోలు వాయించే అతను, వయొలిన్ విద్వాంసురాలు, కెమెరా, ల్యాప్‌టాప్ పట్టుకున్న అమ్మాయి, ఈ నలుగురూ ఖండగతిలో ఐదు అక్షరాల లెక్క మీద గంటల తరబడి ఒకరినొకరు వినడమే నేర్చుకున్నారు. ఎవరు ఎప్పుడు ఆగాలి, ఎవరి చూపుతో తీర్మానం, అంటే ముగింపు జతి, మొదలవ్వాలి, ఒకరు దారి తప్పితే మిగిలినవారు ఎక్కడ నిలబడి అతణ్ణి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, తీసుకురావాలి అన్నవి వాళ్లు వందసార్లు చేసి చూసుకున్నారు. ముందే నిర్ణయించుకోనిది ఒక్కటే, ఆ పూట ఏ క్రమంలో ఏది వస్తుందన్నది. అలా అప్పటికప్పుడు అల్లుకోవడాన్నే మేము మనోధర్మం అంటాం. కచేరీలో కల్పనస్వరం, అంటే అక్కడికక్కడ అల్లే స్వరాలు, పాడే గాయకుడు కూడా దాన్ని ముందు నిర్ణయించుకోడు. పదానికి అభినయం పట్టే నర్తకి సంచారిని, అంటే ఒకే భావాన్ని రకరకాలుగా విస్తరించే అభినయాన్ని, రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు) పొడిగిస్తే ఆమె కాళ్ల వంక చూస్తూ మృదంగం నడిపించడం నాకు అన్నం పెట్టిన విద్య. దానికి తయారీ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

ఇది మన గడ్డకు కొత్త విషయమూ కాదు. 13వ శతాబ్దం మధ్యలో కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాని జాయప రాసిన నృత్యగ్రంథం నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయాల్లో సగం దేశి నృత్యాలకే ఇచ్చింది. అందులోని పేరణికి, అంటే మన పేరిణికి, ఘర్ఘరం ఒక అంగం, అంటే కాలి గజ్జెలనే వాద్యంగా రకరకాలుగా పలికించడం. నర్తకుడు అక్కడ వాద్యకారుడు కూడా. 1213 నాటి రామప్ప గుడి గోడల మీద మద్దెల వాయించేవాళ్లు, ఆడేవాళ్లు ఒకే వరుసలో ఉంటారు. ఆ గ్రంథాన్నీ ఆ శిల్పాలనూ ఆధారం చేసుకునే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. ఇక బొమ్మ సంగతికి వస్తే, కథను వరుస బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ, చేర్యాల నకాశీ పటాన్ని విప్పుకుంటూ, బొమ్మ బొమ్మకూ పాట అందుకుంటూ, ఊరివాళ్ల ముఖాలు చూసి కథను పెంచుతూ కుదిస్తూ చెప్పిన కులాల కథకులు మన పల్లెల్లో రాత్రుళ్లు నడిపింది ఏమిటి? ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో నాకు ఆ పటమే కనిపించింది.

ఆ సాయంత్రం సుమారు ఇరవై నిమిషాలు ప్రదర్శన ఎంత బాగా నడిచిందో మీ వార్తలో ఒక్క వాక్యం కూడా లేదు. కెమెరా నర్తకుడి పాదాలను పట్టి, కొన్ని సెకన్లు ఆలస్యంగా తెర మీద వేసింది. అతను హఠాత్తుగా నిలిచిపోయాడు. తెర మీది పాదాలు మాత్రం ఇంకా ఆడుతున్నాయి. ఒగ్గు డోలు మనిషిని వదిలి ఆ బొమ్మకు జవాబు చెప్పడం మొదలుపెట్టింది, వయొలిన్ ఒకే స్వరం మీద నిలబడింది, నర్తకుడు తన పాత అడుగులకే తాళం వేసుకుంటూ వచ్చి సరిగ్గా సమంలో కలిశాడు. నా ఒళ్లు జలదరించింది. ముప్పై ఏళ్లలో అలాంటి ఎత్తుగడ నేను వినలేదు, చూడలేదు.

ఆ తర్వాతే ముఖ్య అతిథి వచ్చారని హాలు లైట్లన్నీ వేశారు. తెర మీది బొమ్మ తెల్లబోయింది, మైకు మరొకరి చేతికి వెళ్లింది. మీ విలేకరి చూసిన గందరగోళం అదే. దానికి కళాకారులను తప్పుపట్టడం అన్యాయం.

అంతకు ముందు జరిగిందీ చెప్పాలి. హాలు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు అధికారులు ఏ అంశం ఎన్ని నిమిషాలో, ఏ పాటో, ఎవరు రాశారో పట్టిక ఇమ్మన్నారు. మొత్తం యాభై నిమిషాలు అని రాసిస్తే కాగితం తిప్పి పంపారు. చివరకు పాటల పేర్లు ఏవో రాసి అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. ప్రొజెక్టర్ సరిచూసుకోవడానికి ముందు రోజు హాలు అడిగితే పెళ్లి రిసెప్షన్ ఉందన్నారు. ప్రదర్శనకు గంట ముందు తలుపులు తెరిచారు.

ఆ సరిచూసుకోవడం ఎందుకంటారేమో, మా లెక్కలోనే చెబుతాను. కెమెరా పట్టిన బొమ్మ కంప్యూటర్ గుండా తెరకు చేరడానికి కొంత సమయం పడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన మూడు ఫ్రేములు వెనకబడితే అది సెకనులో దాదాపు ఎనిమిదో వంతు. అక్షరానికి అర సెకను చొప్పున, అక్షరానికి నాలుగు దెబ్బలుండే చతురశ్ర నడక నడుస్తుంటే నా వేలి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది కూడా అంతే. అంటే తెర ఒక దెబ్బ తప్పి ఆడుతుంది. ప్రొజెక్టర్ మారితే ఈ ఆలస్యమూ మారవచ్చు. అందుకే వాద్యాన్ని శ్రుతి చేసుకున్నట్టు, ఆ హాలులోనే కొలుచుకుని సరిచేసుకోవాలి. శ్రుతి చేసుకోవడానికి సమయం ఇవ్వకుండా పాడమనేవాళ్లు ఎవరైనా ఉంటారా?

1965లో న్యూయార్క్‌లో నృత్యకర్త మెర్స్ కన్నింగ్‌హామ్ నర్తకులు, స్వరకర్త జాన్ కేజ్ సంగీతబృందం చేసిన ఒక ప్రదర్శన గురించి ఆ అమ్మాయే నాకు చెప్పింది. వేదికపై యాంటెన్నాలు, కాంతిని పసిగట్టే సెల్లులు అమర్చి, నర్తకుల కదలికలతోనే ధ్వని మారేలా చేశారట. వెనుక సినిమా కళాకారుడు స్టాన్ వాండర్‌బీక్ చిత్రాలు, వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ వక్రీకరించిన టీవీ బొమ్మలు నడిచాయి. మరుసటి ఏడాది అక్కడే బెల్ ప్రయోగశాలలకు చెందిన ముప్పై మంది దాకా ఇంజినీర్లు పదిమంది కళాకారులతో నెలల తరబడి పనిచేసి, తొమ్మిది రాత్రుల ప్రదర్శనలు ఇచ్చారు. 1959 నుంచి ఇంజినీరింగ్ కళాశాల ఉన్న నగరం మనది. ఈ ఊళ్లో నర్తకుడూ ఇంజినీరూ ఒక గదిలో కూర్చునే ఏర్పాటు చేయాలన్న ఆలోచన ఒక్క అధికారికీ ఎందుకు రాలేదు?

2014లో శంకుస్థాపన జరిగిన మా ఊరి ప్రదర్శనశాల కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో గానీ తెరుచుకోలేదు. ఆ పదేళ్లూ మేము ఫంక్షన్ హాళ్లలో, వంట వాసనల మధ్య, జనరేటర్ మోతలో వాయించాం. ఖిలా వరంగల్‌లో ధ్వని, కాంతి ప్రదర్శన ఉంది, సంతోషమే, కానీ అందులో ఉన్నది ఒకసారి రికార్డు చేసి పెట్టుకున్న గొంతు. ఎదుట ఉన్న మనిషిని విని మారే కళకు అధికారుల దరఖాస్తు ఫారంలో గడి కూడా లేదు. కాకతీయ వైభవం అని ప్రసంగాలు చేసేవారు, రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని చెప్పుకునేవారు, ఆ గోడల మీది నర్తకుల వారసులకు ముందు రోజు హాలు తాళం ఇవ్వలేకపోవడం నన్ను బాధిస్తోంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఇలాంటి ప్రదర్శనలకు తెర, దీపాలు, ధ్వని అన్నీ పనిచేసే స్థితిలో ఒక పూర్తి రోజు హాలు ఇవ్వాలి. ప్రదర్శన మధ్యలో ఎవరు వచ్చినా లైట్లు వేయకూడదు. మీరు ఆ వార్తకు సవరణ వేయాలి. ఆ బృందం అదే బడి గదిలో మళ్లీ సాధన మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం ఆరు గంటలకు కూర్చుంటున్నారు. మీ విలేకరిని ఒక్క సాయంత్రం పంపండి, నేను దగ్గరుండి తీసుకువెళతాను.

భవదీయుడు,
ఒక మృదంగ కళాకారుడు,
హనుమకొండ